బాలెంత తాగిన పాలు

"సాయవ్వా, రేపటి సంది పాలు పచ్చియి వద్దట. మసాల ఏసి కాచి తెమ్మన్నడు అమీన్ సాబ్," అన్నాడు మైసయ్య, వాకిట్లోకి రాకుండా దడి దగ్గరే నిలబడి.

సాయమ్మ దూడను గుంజకు కడుతోంది. దూడ పొదుగు వైపు మెడ సాచి తాడు తెంచుకునేటట్టు లాగుతోంది. పది రోజులుగా దానికి పాలు మిగలడం లేదు. పొద్దున రెండు సేర్లు, సాయంత్రం సేరున్నర, పిండినవి పిండినట్టు చావడికి పోతున్నాయి.

"మసాలనా? ఆల్ల మసాల నాకేమెరుక?"

"నీకు గాకుంటె ఎవలకెరుక? ఊల్లె ఏ బాలెంతకు దగ్గొచ్చినా నీ తాననే కదా పాలు కాపిచ్చుకపోతరు." మైసయ్య తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. "ఆయనకు మిర్యాలగూడెంల ఉన్నప్పటి సంది దగ్గట. ఈడి ముసురుకు ఇంకింత ఎక్కువైంది. కాసేటోల్లు ఎవలున్నరని కట్టె పట్టుకోని అడిగిండు. నీ పేరొచ్చింది నా నోట్లె. తిట్టుకోకు."

మైసయ్య ఊరి సేత్‌సింధి. సర్కారు మనుషులు ఏం చెబితే అది ఇంటింటికీ తిరిగి చెప్పడం అతని పని. నలభై ఎనిమిది వానకాలంలో ఆ పనికి పొద్దూ మాపూ లేకుండా పోయింది. ఆత్మకూరు చుట్టుపక్కల నైజాం సర్కారుకు ఎదురు తిరిగిన సంఘం మనుషుల కోసం గాలిస్తూ ఒక పోలీసు అమీన్, నలుగురు జవాన్లు ఊరి చావడిలో మకాం పెట్టారు. కోళ్లు ఒకరి ఇంటి నుంచి, బియ్యం ఇంకొకరి ఇంటి నుంచి, పాలు సాయమ్మ ఇంటి నుంచి పోవాలి. ఇగ పాలు పోసేది లేదని ఎదురు మాట్లాడినందుకు సాయమ్మ కొడుకు తిరుపతయ్యను, అతని వెంట నిలబడ్డ ముగ్గురిని సంఘపోళ్లని పట్టుకుని చావడి వెనక అర్రలో వేసి తాళం పెట్టారు. పెనిమిటి గౌరయ్య గొర్లను తోలుకుని దామరచర్ల దిక్కు పోయి నెల దాటింది. ఈ సంగతి ఏదీ ఆయనకు తెలియదు.

"సామాను?" అంది సాయమ్మ.

మైసయ్య నడుముకు చెక్కుకున్న కాగితప్పొట్లం తీసి దడి మీదుగా అందించాడు. "కోమటి దుకానంల ఇప్పిచ్చిన్రు. మిరియాలు, శొంఠి, యాలకులు, లవంగాలు, గసగసాలు. సూడు, సాయవ్వా... పాలు ఇరగనియ్యకు. మొన్న సత్తమ్మ తొవ్వల పాలు ఒలకబోసిందని ఎండల ఒంగబెట్టి ఈపు మీద బండ పెట్టిచ్చిండు."

ఇంట్లో నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. సన్నటి, ఎండిన ఏడుపు. కోడలు బక్కమ్మ కానుపై పద్దెనిమిది రోజులు. ఆడపిల్ల. మొగుణ్ణి పట్టుకుపోయిన పొద్దు నుంచి ఆమెకు చనుబాలు చుక్క చుక్కగా తగ్గి ఆగిపోయాయి. ఇంట్లో బర్రె ఉండి బాలెంతకు గుక్కెడు పాలు లేవు. పిల్ల నోట్లో తడిగుడ్డ పెట్టి చీకిస్తున్నారు.

మర్నాడు తెల్లవారకముందే సాయమ్మ పాలు పిండి దుత్తను పిడకల దాలి మీద పెట్టింది. మంట పెంచితే పాలు అడుగంటుతాయి, అడుగంటిన వాసన ఏ మసాలా వేసినా పోదు. పిడకలు లోపల్లోపల కనకన కాలుతుంటే పాలు మెల్లగా ఎర్రబడాలి. ఆమె శొంఠికొమ్మును బండ మీద గీరి పైపొట్టు తీసింది. మిరియాలను పెనం మీద రెండు తిప్పులు తిప్పింది, ఒకటి చిట్లగానే దించేసింది. శొంఠి, మిరియం, లవంగం కలిపి దంచి, యాలకులు పొట్టుతోనే నలిపి, గసాలు వేరుగా నీళ్లతో నూరింది. పాలు మూడో వంతు ఇంకినాక గసాల ముద్ద కలిపి, పొడి చల్లి, కర్రగరిటెతో అడుగు నుంచి కలియబెట్టింది. బెల్లం మాత్రం దుత్త దించి కొంచెం చల్లారినాకే వేయాలి. కాగుతున్నప్పుడు వేస్తే పాలు విరుగుతాయి. ఈ పని ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. ఆ పొద్దు మాత్రం బెల్లపు తరుగు వేలి సందున పట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. విరిగితే?

విరగలేదు. పలుచటి బట్టలో వడగట్టి, ఇత్తడి సర్వలో పోసి, మూత పెట్టింది. గోడవారన పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్న బక్కమ్మ ఆ వాసనకు కళ్లు మూసుకుంది. బక్కమ్మది కోదాడ. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇది కావాలని నోరు తెరిచి అడిగిన పిల్ల కాదు.

"జర తాగు బిడ్డా," అని సాయమ్మ గరిటె అడుగున మిగిలింది ఆమె నోటికి పట్టింది.

"వద్దత్తా. కొలిచి చూస్తే?" అంది బక్కమ్మ. అని, గరిటెను మాత్రం నాలుకతో తుడిచింది.

చావడి అరుగు మీద నవారు మంచంలో అమీన్ కూర్చుని ఉన్నాడు. మెడకు ఉన్నిగుడ్డ చుట్టుకున్నాడు. దగ్గినప్పుడు ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుంటున్నాడు. సాయమ్మ సర్వ దించి మూత తీయగానే వాసనకు ముందుకు వంగాడు, మళ్లీ వెనక్కి జరిగాడు.

"నువ్వు తాగు ముందు," అన్నాడు.

సాయమ్మ దోసిలి పట్టింది. జవాను గిలాసతో పాలు ముంచబోతుంటే అమీన్ చెయ్యెత్తి ఆపాడు.

"ఠైరో. నీ కొడుకు లోపట ఉన్నడు కదా? నువ్వు ముసల్దానివి. కొడుకు కోసం జహర్ కలిపి నువ్వే ముందు తాగి సస్తవు. మీ లోగోంకా ఏం భరోస?" కాసేపు దగ్గి, మైసయ్య వైపు తిరిగాడు. "ఇంట్ల ఇంకెవరున్నరు?"

మైసయ్య తల వంచుకుని చెప్పాడు. "కోడలుంది సర్కార్. పచ్చి బాలెంత."

"తీస్కరా."

"ఇరవై ఒక్క దినాలు గాలేదు దొరా," సాయమ్మ వంగి నేల ముట్టుకుంది. "గడప దాటరాదు. గాలి తగులుతది. పసిపిల్ల..."

"పిల్లను గూడ తెమ్మను. ఆ పాలు ఈమె తాగాలె. ఈమె పాలు పిల్ల తాగాలె. గప్పుడు నేను తాగుత."

బక్కమ్మ చెవులకు గుడ్డ కట్టుకుని, పిల్లను కొంగులో చుట్టుకుని వచ్చింది. చావడి మెట్టు ఎక్కేటప్పుడు ఒకసారి తూలింది. వెనక అర్ర కిటికీ ఊచల్లో నుంచి తిరుపతయ్య "దాన్నెందుకు పిలిసిన్రు? అమ్మా, దాన్నెందుకు తెచ్చినవే?" అని అరిచాడు. జవాను లాఠీతో ఊచల మీద కొట్టాడు.

గిలాసెడు పాలు తాగించారు. అమీన్ సిగరెట్ వెలిగించాడు. అది అయిపోయే దాకా బక్కమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చోవాలి. పిల్ల ఏడిస్తే "ఇయ్యి, ఇయ్యి," అన్నాడు ఒక జవాను. ఐదుగురు మగవాళ్ల ముందు ఆమె గోడ వైపు తిరిగి పిల్లను రొమ్ముకు పట్టింది. రాని పాల కోసం పిల్ల చీకి చీకి ఏడుస్తుంటే బక్కమ్మ మెడ మీద చెమట కారింది. సాయమ్మ కొంగు విప్పి అడ్డం పట్టుకుని నిలబడింది.

సిగరెట్ అయిపోయినాక అమీన్ తాగాడు. తాగి, గొంతు సవరించుకుని, "అచ్ఛా హై," అన్నాడు. మిగిలినవి జవాన్లు పంచుకున్నారు. "రోజు తే. రోజు ఈమె రావాలె."

ఇంటికి వచ్చి బక్కమ్మ పిల్లను పక్కలో వేసి గోడ వైపు తిరిగి పడుకుంది. సాయమ్మ ఉత్త సర్వను బూడిద పెట్టి తోమిందే తోమింది.

రెండో రోజు అమీన్ ఇంకో గిలాసెడు ఎక్కువ తాగించాడు. ఎక్కడో ఇంకో ఊళ్లో ఎవరో జవాన్లకు కల్లులో ఏదో కలిపారని ఆయనకు కబురు వచ్చిందట. ఆ సాయంత్రం సాయమ్మ దంచుకోవడానికి కూర్చుని, మిరియాల్లో సగం పక్కన పెట్టింది. ఉట్టి మీద నుంచి ఎల్లిగడ్డ దించి పది రెబ్బలు ఒలిచింది. బాలెంతకు పాలు పడాలంటే ఎల్లిగడ్డ పాలలో మెత్తగా ఉడకాలి, గసాలు ఎక్కువ పడాలి. కోడలు అది చూసి తలెత్తింది.

"వాసన వస్తుంది కదత్తా. అడిగితే?"

"దగ్గుకు మంచిదని జెప్త," అంది సాయమ్మ.

అమీన్ అడిగాడు. సాయమ్మ చెప్పింది. ఆయన ముఖం చిట్లించి తాగాడు. మూడో రోజు పొద్దున బక్కమ్మ రవిక తడిసి ఉంది. పిల్ల రొమ్ము పట్టి రెండు గుక్కలు మింగి, మింగుడు పడనట్టు గుడ్లు మిటకరించి, మళ్లీ పట్టింది. అత్తాకోడళ్లు ఆ గుటకల చప్పుడు వింటూ కదలకుండా కూర్చున్నారు. బక్కమ్మ నవ్వబోయి ఏడ్చింది. దొంగ సొమ్ము తిన్నట్టు ఉందత్తా, అంది. మన బర్రె పాలే కదనె, అంది సాయమ్మ.

ఆ రోజే మధ్యాహ్నం సాయమ్మ వాగు గడ్డన గడ్డి కోస్తుంటే జొన్నచేను లోంచి రామలింగయ్య వచ్చాడు. సాయమ్మ చెల్లెలి మరిది. సంఘంలో తిరుగుతున్నాడు. గడ్డం పెరిగి, కాళ్లకు ముళ్ల గీతలతో మొదట గుర్తుపట్టలేకపోయింది.

"వదినె, టైం లేదు. ఇను," అని పక్కన కూర్చున్నాడు. "ఎల్లుండి పొద్దుగాల సూర్యాపేట నుంచి లారొస్తది. మనోల్లను నలుగురిని నల్లగొండకు తీస్కపోతరు. నల్లగొండ దాంక పోతరని నమ్మకం లేదు. తొవ్వల్నే దించి కాలుస్తున్నరు ఈ నడుమ."

కొడవలి సాయమ్మ చేతిలోనే ఉంది. గడ్డి మాత్రం జారిపోయింది.

రామలింగయ్య రొండిలోంచి గుడ్డపొట్లం తీశాడు. "ఉమ్మెత్త గింజల పొడి. రేపు గాదు, ఎల్లుండి పొద్దున పాలల్ల కలుపు. లారొచ్చే యాల్లకు అందరు సోయి తప్పి ఉంటరు. మేం వాగు కాడ ఉంటం. తలుపు మేం తీస్తం."

"నా కోడలు తాగాలె ముందు."

"ఎరుకనే. గుక్కెడు తాగితె ఏంగాదు."

"గుక్కెడు గాదు! గిలాసల మీద గిలాసలు తాగిపిస్తున్నడు. ఆమె పాలు పిల్ల తాగుతది. ఇయ్యాల్నే పాలు పడ్డయి రామలింగం, ఇయ్యాల్నే."

రామలింగయ్య పొట్లం ముడి బిగించాడు. "నలుగురు మొగోల్లు వదినె," అన్నాడు. "నీ కొడుకు గూడ. ఇంకో తొవ్వ ఉంటె నీకియ్యకపోదును." పొట్లాన్ని గడ్డి మోపు మీద పెట్టి చేనులోకి వెళ్లిపోయాడు.

సాయమ్మ దాన్ని అక్కడే వదిలేసి పది అడుగులు నడిచింది. ఎవరికైనా దొరుకుతుందని వెనక్కి వచ్చి తీసుకుంది. ఇంటికి వచ్చి, కోడలు చూడకుండా చూరులో తాటాకుల మధ్య దోపింది. నీళ్లు తాగుతూ అటు చూసింది, పేడ తీస్తూ అటు చూసింది. ఒకప్పుడు మందలో రెండు మేకలు ఉమ్మెత్త మేసి, నాలుక బెరడులా ఎండి, గుడ్లు తేలేసి, గోడలకు తలలు బాదుకుని చచ్చాయి. అవి పెద్ద మేకలు. ఈ పిల్ల రెండు పిడికిళ్లంత కూడా లేదు.

"ఇందాకటి నుంచి ఏం చూస్తున్నావత్తా పైకి?" అంది బక్కమ్మ.

"చూరు కారుతదేమో అని."

బక్కమ్మ పిల్లను తొడల మీద వేసుకుని నూనె రాస్తూ, "ఆదివారం లారీ వస్తుందంట కదా. మైసయ్య మామ చెప్పాడు," అంది. "ఆయన్ని తీసుకుపోతే మళ్లీ రాడు. నాకు తెలుసు. ఆయన కోసం నేను ఏమైనా చేస్తానత్తా." ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే సాయమ్మను భయపెట్టింది.

నాలుగో రోజంతా సాయమ్మ కొడుకును ఒక చేతిలో, పిల్లను ఒక చేతిలో పెట్టుకుని తూచినట్టు తిరిగింది. పాలు తీసుకుపోయినప్పుడు ఊచల వెనక తిరుపతయ్య ముఖం చూసింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. అతను తల్లిని చూడలేదు. పెళ్లాం పాలు తాగుతుంటే ఆమె గొంతునే చూస్తున్నాడు. సాయమ్మ ఇంటికి వచ్చి దూడ మెడ పట్టుకుని కూర్చుంది. పొద్దు గూకే వేళకు తేల్చుకుంది. నేను కలపను. నా చేత్తో కాచిన పాలు తాగి బాలెంత చచ్చిందన్న మాట నా వల్ల కాదు. కొడుకును లారీ ఎక్కిస్తే లారీకి అడ్డం పడుకుంటా. తెల్లారగానే ఆ పొట్లం పెంటలో పూడ్చేస్తా.

ఐదో రోజు పొద్దున ఆమె పాలు పిండి లోపలికి వచ్చేసరికి బక్కమ్మ రోలు దగ్గర కూర్చుని మసాలా దంచుతోంది.

"నువ్వెందుకె లేసినవ్?"

"రోజూ నువ్వే కదా దంచేది. చెయ్యి నొప్పి పెడుతుందన్నావు నిన్న." దంచిన పొడిని దోసిట్లోకి ఎత్తి పాలల్లో వేసింది. గసాల ముద్ద వేసింది. గరిటెతో తనే కలియబెట్టింది.

సాయమ్మ బయటికి వచ్చి, పీట ఎక్కి చూరులో చెయ్యి పెట్టింది. తాటాకులు తగిలాయి. బూజు తగిలింది. ఇంకా లోపలికి పెట్టింది. పొట్లం లేదు.

అంతలోనే జవాను దడి దగ్గరికి వచ్చాడు. "చలో, చలో. లారొచ్చింది. సాబ్ జల్దీ అంటుండు." బక్కమ్మ అప్పటికే పిల్లను చుట్టుకుని బయటికి వచ్చింది. సాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. రాత్రంతా పిల్లను ఎత్తుకుని తిరిగిన ముఖం, కళ్ల కింద నల్లగా. అందులో ఏమున్నదో తెలియలేదు. పక్కన జవాను ఉండగా అడిగేదెట్లా?

దారిలో మొదటి బురదగుంట దగ్గర సాయమ్మ కావాలనే కాలు జార్చింది. సర్వ ఒరిగింది. రెండు గుక్కెళ్ల పాలు కింద పడ్డాయో లేదో, జవాను తిట్టుకుంటూ సర్వ లాక్కుని తనే పట్టుకున్నాడు. వీపు మీద బండ పెట్టినా సరే, ఆ పాలు నేల పాలైతే చాలనుకుంది ఆమె. అదీ కాలేదు.

చావడి ముందు లారీ నిలబడి ఉంది. అమీన్ ఆ రోజు బూట్లు, బెల్టు వేసుకుని ఉన్నాడు. దగ్గుతో ముఖం కందిపోయింది. సాయమ్మ ముందుకు పోయి, "ఇయ్యాల నేను తాగుత దొరా. పిల్లదానికి ఒంట్ల బాగలేదు," అని గిలాస అందుకోబోయింది. జవాను మోచేత్తో నెట్టాడు.

"ఇయ్యాల ఎందుకు అట్ల అంటున్నవు?" అమీన్ ఆమెను పరీక్షగా చూశాడు. తర్వాత గిలాస పక్కకు నెట్టి, తన చెంబు ఇచ్చాడు. "దీంతోని తాగు. పూరా."

బక్కమ్మ చెంబు రెండు చేతులతో పట్టుకుంది. తాగొద్దని అరవడానికి సాయమ్మ నోరు తెరిచింది. అరిస్తే, అందులో ఏమీ లేకపోయినా, ఆ నలుగురిని ఇక్కడే కాలుస్తారు. అరవకపోతే? బక్కమ్మ అత్త వైపు ఒకసారి చూసి చెంబు ఎత్తింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఒక్కసారి ఆగింది. అడుగున గసాలు కూడా మిగలకుండా తాగి, చెంబు బోర్లించి చూపించి, మూతి తుడుచుకుంది. ఎవరూ చెప్పకముందే స్తంభానికి ఆనుకుని పిల్లను కొంగు కిందికి తీసుకుంది.

అమీన్ ఒక సిగరెట్ తాగాడు. ఇంకోటి వెలిగించాడు. సాయమ్మ కోడలి కనుపాపలే చూస్తోంది. పెద్దవయ్యాయా? చావడి నీడకు అట్లా కనబడుతున్నాయా? పిల్ల గుటక ఒక్కొక్కటీ తన గొంతులో పడుతున్నట్టుంది. రెండో సిగరెట్ సగంలో అమీన్‌కు దగ్గు తెర వచ్చింది. ఇక ఆగలేక గిలాస నింపమన్నాడు, తాగాడు. జవాన్లు కూడా గబగబా తాగేశారు. తొవ్వలో చలిగా ఉంటుందని లారీ డ్రైవరు కూడా తాగాడు.

"ఆ నలుగురిని బయటికి తీయండ్రి," అని అమీన్ తాళంచెవి తీశాడు.

అప్పుడే బక్కమ్మ తల పక్కకు ఒరిగింది. భుజం స్తంభం మీద నుంచి జారింది. పిల్లను రొమ్ముకు పట్టుకున్న చేయి అట్లాగే ఉండి, ఒళ్లంతా నేల మీదికి వాలిపోయింది. పిల్ల కూడా కదలలేదు.

"బిడ్డా!" సాయమ్మ మీద పడింది. "బక్కీ, లెవ్వె! లెవ్వె నా తల్లీ! నేను కలపలేదు. పొట్లం నేను ముట్టలేదు, చూరులనే పెట్టిన, నేను కలపలేదు దొరా..."



"ఏం పొట్లం?" అన్నాడు అమీన్. ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

సాయమ్మకు అప్పుడు తెలిసింది తానేమన్నదో. జవాబు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఒక జవాను అప్పటికే అరుగు అంచున వంగి నోట్లో వేళ్లు పెట్టుకున్నాడు. ఇంకొకడు నా గొంతు మండుతుంది, గుండె కొట్టుకుంటుంది అని రొమ్ము పట్టుకున్నాడు. అమీన్ బూటుకాలుతో బక్కమ్మను కదిపాడు. ఆమె లేవలేదు. ఆయన పెదవులు తెల్లబడ్డాయి.

"దవాఖాన! సూర్యాపేట దవాఖానకు పోనీ! జల్దీ!"

నలుగురు జవాన్లు తుపాకులతో పాటు లారీ వెనక ఒకరి మీద ఒకరు పడ్డారు. డ్రైవరు దేవుణ్ణి తలుచుకుంటూ బండి తిప్పాడు. అమీన్ ముందు కూర్చుని, తల బయట పెట్టి వాంతి చేసుకుంటుంటే తాళంచెవి ఆయన పిడికిట్లోనే ఉంది. మైసయ్యను కాపలా ఉండమని చెప్పడం కూడా ఎవరికీ గుర్తు రాలేదు. లారీ బురద చిమ్ముతూ మలుపు తిరిగింది.

సాయమ్మ కోడలి నోరు తెరిచి వేలు పెట్టింది. మేకల నాలుకలు ఆమెకు గుర్తున్నాయి. ఇది ఎండలేదు. మెత్తగా, తడిగా, పాల జిగటతో ఉంది. రొమ్ము మీద చెవి పెట్టింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. పిల్ల పెదవుల చివర పాలు కారి ఆరుతున్నాయి. పొట్ట నిండి ఉబ్బి, లేచి, పడుతోంది.

"బక్కీ! ఆ పొట్లం ఏం జేసినవె?"

బక్కమ్మ కళ్లు సగం తెరిచింది. "పెంటకుప్పలో పడేశానత్తా... మొన్ననే. నువ్వు కలుపుతావేమోనని భయమేసి..." కళ్లు మళ్లీ మూతపడ్డాయి. "నిద్రొస్తుందత్తా. కాసేపు..."

సాయమ్మ అక్కడే చతికిలబడింది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానుపైనప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా బక్కమ్మ కన్ను మూయలేదు. ఇన్నాళ్లకు తల్లికి, పిల్లకు ఇద్దరికీ కడుపు నిండింది.

వెనక నుంచి ధడేల్మని చప్పుడు. మైసయ్య గడ్డపారతో అర్ర తలుపును మడతబందు దగ్గర లేపుతున్నాడు. లోపలి నుంచి నలుగురు భుజాలు వేశారు. తలుపు ఒక పక్కకు ఊడింది. అందరి కంటే ముందు తిరుపతయ్య కుంటుకుంటూ ఉరికివచ్చి పెళ్లాం పక్కన కూలబడ్డాడు.

"సచ్చిందా?"

"ఊకో. పండుకుంది. లేపకు."

"పండుకున్నదా?"

"లేపకన్న గద. పసిపిల్ల గూడ పండుకుంది."

తిరుపతయ్య వాచిన కంటితో తల్లిని, పెళ్లాన్ని మార్చి మార్చి చూశాడు. రామలింగయ్య, ఇంకో ఇద్దరు వాగు దిక్కు నుంచి వంగి పరుగెత్తుకొచ్చి, చావడి ఖాళీగా ఉండడం చూసి నిలబడిపోయారు.

"దవాఖానల ఏం లేదని తేలినాంక తిరిగొస్తరు," అన్నాడు రామలింగయ్య. "పొద్దుగూకక ముందే. ఊరిడిసి పోవాలె."

"కోదాడకు పోదం," అంది సాయమ్మ. "దాని అవ్వగారింటికి. ఆడికెల్లి నైజాం సరిహద్దు దగ్గర."

"నడువాలె మరి. లేపు ఆమెను."

"లేపను," అంది సాయమ్మ. ఆ మాట అన్న తీరుకు రామలింగయ్య మంచం కోసం చుట్టూ చూశాడు.

అమీన్ నవారు మంచం అరుగు మీద ఖాళీగా ఉంది. నలుగురూ దాన్ని దించి, బక్కమ్మను పిల్లతో సహా మెల్లగా దాని మీదికి జరిపారు. ఆమె ఏదో గొణిగి పక్కకు తిరిగింది. సాయమ్మ పరుగున ఇంటికి పోయి గుంజ దగ్గర దూడ తాడు విప్పింది. దూడ తల్లి పొదుగులో మూతి పెట్టి కుమ్మింది. దాన్ని కాసేపు తాగనిచ్చి, రెండింటినీ తోలుకుంటూ వచ్చింది.

"నువ్వు గూడ రా మైసన్నా," అంది.

"నేనొస్తె నా ముసల్దాన్ని ఎవలు సూస్తరు? మీరు పోండ్రి. నేను గీ అరుగు మీద పండుకుంట. ఆల్లొచ్చినాంక నేను గూడ తాగిన, నాకు గూడ సోయి లేకుండె అంట." అని నిజంగానే తలగుడ్డ పరుచుకుని పడుకున్నాడు.

చేన్ల మధ్య బాట పట్టారు. నలుగురు మంచం మోస్తుంటే సాయమ్మ బర్రెతో వెనక నడిచింది. తిరుపతయ్యకు కాలు నొప్పిగా ఉన్నా భుజం మార్చనంటున్నాడు. వాన లేదు. మబ్బు సందున ఎండ వచ్చి బక్కమ్మ ముఖం మీద పడింది. సాయమ్మ కొంగు చాచి నీడ పట్టింది. వెనక లారీ చప్పుడు వస్తుందేమోనని అందరి చెవులూ అటే ఉన్నాయి, అడుగులు మాత్రం పక్క కుదుపు తగలకుండా పడుతున్నాయి.

పొరుగూరి చేలో కలుపు తీస్తున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. కొమురమ్మ అనే ముసలామె గట్టు మీదికి వచ్చి, మంచం మీద తల్లీబిడ్డలను చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, పచ్చి బాలెంత! ఎప్పుడు పాణం పోయింది తల్లీ?"

"పాణం పోలేదవ్వా," అంది సాయమ్మ నడుస్తూనే, గొంతు తగ్గించి. "కడుపునిండ పాలు తాగి పండుకుంది. జర మెల్లగ మాట్లాడు."